రంగం పోయిన తాత పేరు సింగపూర్ గోడ మీద దొరికింది

ఢిల్లీ వెళ్ళినవాళ్ళు ఇండియా గేట్ ముందు ఫొటో దిగకుండా రారు కదా. ఆ ఫొటో మీ ఫోన్లో ఉంటే ఒకసారి తీసి జూమ్ చేయండి. మీ వెనకాల రాయి మీద సన్నగా గీతల్లా కనబడుతున్నవి డిజైన్ కాదండీ, పేర్లు. దాదాపు 13 వేల పేర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆ తర్వాత 1919 ఆఫ్ఘన్ యుద్ధంలో చనిపోయినవాళ్ళవి. 1931లో దాన్ని ప్రారంభించారు. అప్పట్నుంచీ ఆ పేర్లు అక్కడే ఉన్నాయి, మనం వాటికి వీపు పెట్టి ఫొటోలు దిగుతున్నాం.

ఇవాళ ఆ పేర్ల గురించే మాట్లాడుకుందాం. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారి గురించి ఫోన్లో కొడితే అర సెకనులో అంతా వచ్చేస్తుంది. 2020లో జరిగింది కాబట్టి మనందరికీ తెలుసు. మరి 1942లో చనిపోయిన ఒక మామూలు సిపాయి? ఒక డ్రైవరు? ఒక వంటవాడు? పేరు గోడ మీద ఉంటుంది, ఆ పేరు ఎవరిదో ఎవ్వరికీ తెలీదు. ఇటు ఊళ్ళో ఒక కుటుంబం ఉంటుంది, వాళ్ళ మనిషి పేరు ఏదో గోడ మీద ఉందని వాళ్ళకీ తెలీదు. ఈ రెండు కొసలూ కలపడం ఎలాగో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

నేను ఇందులోకి దిగింది ఒక ఫ్రెండ్ వల్ల. వాళ్ళది విజయనగరం జిల్లాలో ఒక పల్లెటూరు. పేర్లు చెప్పొద్దన్నారు, చెప్పను. వాడి మామ్మకి ఎనభై దాటాయి. ఆవిడ పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడే వాళ్ళ నాన్న మిలట్రీకి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. శవం రాలేదు, సామాను రాలేదు. ఇంట్లో మిగిలిన సమాచారం రెండే రెండు ముక్కలు. ఒకటి, ‘రంగం పోయాడు’. రెండు, ‘మిలట్రీలో బండి తోలేవాడు’. అంతే.

రంగం అంటే రంగూన్. అందుకని రంగూన్ మెమోరియల్‌తోనే మొదలుపెట్టాను. అది బర్మాలో టౌక్యాన్ సమాధుల తోటలో ఉంది, దాదాపు 27 వేల పేర్లు. అక్కడ మనకి కావల్సిన మనిషి లేడు. అప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే ఒక మాట చెప్పారు. ఆ రోజుల్లో మా వైపు జనానికి సముద్రం దాటి తూర్పుకి ఎక్కడికెళ్ళినా రంగమేనట. మలయా వెళ్ళినా రంగమే, సింగపూర్ వెళ్ళినా రంగమే. ఇప్పుడు ఏ దేశం వెళ్ళినా ‘ఫారిన్’ అన్నట్టు.

రెండో ముక్క ఇంకా విలువైనది. ‘బండి తోలేవాడు’ అంటే తుపాకీ పట్టిన సిపాయి కాకపోవచ్చు. బ్రిటిష్ ఇండియా సైన్యంలో లారీలు, కంచరగాడిదలు, సరుకుల రవాణా అంతా చూసిన విభాగం రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. ఇది ఎందుకు ముఖ్యమంటే, స్మారకం గోడ మీద పేర్లు మొత్తం కలిపి అక్షరక్రమంలో ఉండవు. ముందు రెజిమెంట్ లేదా విభాగం, దాని కింద హోదా, హోదా కింద అక్షరక్రమం. ఏ విభాగమో తెలీకుండా గోడ ముందు నిలబడితే సాయంత్రం దాకా చదువుతూనే ఉండాలి.

ఇక్కడ హైదరాబాద్ వాళ్ళకి ఒక చిన్న హెచ్చరిక. గోడ మీద ‘హైదరాబాద్ రెజిమెంట్’ అని చూసి మనవాళ్ళే అనుకోకండి. అది 19వ హైదరాబాద్ రెజిమెంట్, పేరు మాత్రమే మనది. అందులో ఎక్కువ మంది కుమావోన్ వైపు వాళ్ళు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావోన్ రెజిమెంట్ అయిపోయింది. నిజాం సంస్థానం సొంత సైన్యం వేరు, అది ‘హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ’. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు మలయాలో దిగినప్పుడు కోట భారు ఎయిర్‌ఫీల్డ్ దగ్గర ఆ సైన్యం ఉంది. ఒక్క పదం తేడా, మనిషి ఊరు వెయ్యి కిలోమీటర్లు మారిపోతుంది.

సరే, మన తాత దగ్గరికి వద్దాం. ఇప్పుడు వెతకాల్సింది సింగపూర్ మెమోరియల్. క్రాంజి అనే చోట ఉంది, 1957లో ప్రారంభించారు. సమాధి ఎక్కడుందో తెలియని 24 వేల మందికి పైగా పేర్లు దాని గోడల మీద ఉన్నాయి. ఆ వెనకే ఇంకో చిన్న స్మారకం ఉంది, దహనం చేసినవాళ్ళది, దాదాపు 800 పేర్లు. మనవాళ్ళని వెతికేవాళ్ళు రెండూ చూడాలి. ఎందుకంటే హిందువులకీ సిక్కులకీ దహనం జరిగితే సమాధి ఉండదు, సమాధి రాయీ ఉండదు. మిగిలేది పేరొక్కటే.

ఇదంతా చూడ్డానికి సింగపూర్ వెళ్ళక్కర్లేదు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని 1917లో పెట్టిన సంస్థ ఉంది, రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది వివరాలు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి. ఫోన్లోనే చూడొచ్చు. అందరూ ఏం చేస్తారంటే, పేరు కొడతారు, ‘రిజల్ట్స్ లేవు’ అని వస్తుంది, మూసేస్తారు. ఎందుకు రాదో చెప్తాను.

ఆ పేరు రాసింది మనవాడు కాదు. రిక్రూటింగ్ ఆఫీసులో గుమస్తా. మనవాడు నోటితో చెప్పాడు, గుమస్తా చెవికి వినబడింది రాశాడు. ఆ గుమస్తాకి తెలుగు వచ్చని గ్యారంటీ లేదు. ‘సన్యాసి’ అనే పేరు తీసుకోండి, మా వైపు ఇంటికొకరు ఉండేవారు. అందులో ‘వై’ ఉండొచ్చు, ‘ఐ’ ఉండొచ్చు, ‘ఎన్’ ఒకటి ఉండొచ్చు, రెండుండొచ్చు. ‘అప్పలస్వామి’ చివర ‘వై’ వస్తుందో ‘ఐ’ వస్తుందో దేవుడికే తెలియాలి. ఇంటిపేరు సంగతి సరేసరి. కొందరికి అసలు రాయలేదు. కొందరికి ఇంటిపేరే అసలు పేరైపోయింది. ఊళ్ళో పిలిచే పేరు ఒకటి, సైన్యంలో రాయించుకున్న పేరు ఇంకొకటి అయితే మరీ కష్టం.

అందుకే నేను పేరు గడి ఖాళీగా వదిలేస్తాను. ఇండియన్ ఫోర్సెస్ అని పెట్టి, అదనపు సమాచారం అనే గడిలో ఊరు పేరో జిల్లా పేరో కొడతాను. రెండో యుద్ధం రికార్డుల్లో చాలామందికి ‘ఫలానావారి కొడుకు, ఫలానా ఆవిడ భర్త, ఫలానా ఊరు’ అని ఒక లైను ఉంటుంది. ఆ లైనే మన తాళం చెవి.

కానీ అక్కడ కూడా ఇప్పటి పేర్లు పనిచెయ్యవు. శ్రీకాకుళం కోసం ‘చికాకోల్’ అని వెతకాలి. కాకినాడ అంటే ‘కొకనాడ’. ఏలూరు ‘ఎల్లూర్’, విజయవాడ ‘బెజవాడ’, మచిలీపట్నం ‘మసూలిపటం’, భీమిలి ‘బిమ్లిపటం’. పైగా అప్పటి జిల్లాలు వేరు. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. 1942లో మా ఊళ్ళన్నీ వైజాగపటం జిల్లాయే. తెలంగాణ వాళ్ళు రాష్ట్రం దగ్గర మద్రాసు కాదు, హైదరాబాద్ స్టేట్ చూసుకోవాలి. నాకైతే ఈ పని మొదలెట్టాక పాత మ్యాపులు చూడ్డం రీల్స్ చూసినంత అలవాటైపోయింది.

అలా వైజాగపటం పెట్టి, సింగపూర్ మెమోరియల్ పెట్టి, సర్వీస్ కోర్ పెట్టి వడపోస్తే తాత పేరుకి దగ్గరగా ఉన్నవి రెండు మిగిలాయి. ఒకదానికి పక్కన ఏమీ లేదు. నంబరు, తేదీ, అంతే. రెండోదానికి తండ్రి పేరు, భార్య పేరు, ఊరు ఉన్నాయి. ఊరు పేరు చివర ‘వలస’ కాస్తా ‘వల్స’ అయి ఉంది, మొదటి సగం ఇంకా ఘోరంగా ఉంది.

మా వాడు, నేను బండి మీద ఊరెళ్ళాం. తాత పేరు చెప్పకుండా ముందు ఆ రికార్డులో ఉన్న భార్య పేరు చదివాను. మామ్మ పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చెయ్యి ఆగిపోయింది.

“అది మాయమ్మ పేరు గదా. మాయమ్మ పేరు ఆ ఫోన్లో ఎలాగొచ్చింది బాబూ?” అంది.

అయినా పేరు కలిస్తే సరిపోదు. అలాంటి పేరున్న ఆవిడలు ఆ జిల్లాలో వందల మంది ఉంటారు. రుజువు కావాలంటే నంబరు కావాలి. సైన్యంలో పేరు ఎన్ని రకాలుగా రాసినా నంబరు ఒక్కటే ఉంటుంది. అది పెన్షన్ కాగితాల మీద ఉంటుంది. మొదటి యుద్ధం మెడల్ అయితే అంచు మీద చెక్కి ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. మామ్మ వాళ్ళమ్మకి కొన్నాళ్ళు పెన్షన్ వచ్చేదట. ట్రంకు పెట్టె దింపించాం. కాగితం దొరికింది గానీ సగం చెదలు తినేశాయి. నంబరులో చివరి నాలుగు అంకెలు మాత్రం మిగిలాయి. ఆ నాలుగూ రికార్డుతో కలిశాయి.

మామ్మ ఏడవలేదు. వెంటనే అడిగిన మాట ఏంటో తెలుసా? “అయితే మా అయ్య తిథి ఏటో సెప్పు బాబూ.”

ఎనభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆయనకి తద్దినం లేదు. ఎప్పుడు పోయాడో తెలీదు కాబట్టి సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఆయన పేరు కూడా తలుచుకునేవారు. మొదట్లో అది కూడా లేదట. వాళ్ళమ్మ చాలా ఏళ్ళు ఒప్పుకోలేదు. బతికున్న మనిషికి పెద్దల బట్టలేమిటి అనేది.

ఇక్కడే రికార్డు చెయ్యిచ్చింది. తేదీ దగ్గర ఒక రోజు లేదు. ‘1941 డిసెంబరు 8కీ 1942 ఫిబ్రవరి 15కీ మధ్య’ అని ఉంది. అంటే జపాన్ దండయాత్ర మొదలైన రోజు నుంచి సింగపూర్ లొంగిపోయిన రోజు దాకా. 70 రోజులు. ఆ గందరగోళంలో ఎవరు ఎక్కడ పడిపోయారో రాసుకున్నవాళ్ళు లేక, చాలామందికి ఇలాగే రాసేశారు. ఒకే తేదీ ఉన్నా నమ్మడానికి లేదు. కనబడకుండా పోయినవాళ్ళకి చివరిసారి చూసిన రోజునో, లొంగిపోయిన రోజునో తేదీగా వేసినవి ఉంటాయి. పంచాంగం ముందేసుకుని కూర్చున్నా 70 రోజుల్లోంచి ఒక తిథి తియ్యలేం.

ఆవిడ కాసేపు ఆలోచించి, “పోనీలే, మాయమ్మ పెట్టిన రోజే ఉంచుతాం” అంది. సంక్రాంతే ఖాయమైంది.

ఇలా చెప్తున్నానని మామ్మది దురదృష్టం అనుకోకండి. ఒక రకంగా అదృష్టం. మొదటి యుద్ధంలో ఇరాక్‌లో చనిపోయిన మన సిపాయిల సంగతి చూడండి. బస్రా మెమోరియల్ మీద ఆఫీసర్లకే పేర్లు. మామూలు ఇండియన్ సిపాయిలకి రెజిమెంట్ కింద ‘ఇంకా ఇంతమంది’ అని అంకె వేసి వదిలేశారు. 2021లో ఆ కమిషనే ఒక రిపోర్టు బయటపెట్టి క్షమాపణ చెప్పింది. ఆసియా, ఆఫ్రికాల నుంచి వెళ్ళి చనిపోయినవాళ్ళలో కనీసం 1,16,000 మందిని పేరుతో గుర్తుచేసుకోలేదని, అసలు సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండొచ్చని అందులో ఉంది. యూనిఫాం లేనివాళ్ళ పరిస్థితి ఇంకా దారుణం. బర్మా - సయాం రైలు మార్గం వెయ్యడానికి జపాన్ వాళ్ళు మలయా రబ్బరు తోటల నుంచి కూలీలని పట్టుకెళ్ళారు. ఎక్కువగా తమిళులు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వేలకి వేలు చచ్చిపోయారు. అక్కడ తెల్ల ఖైదీల్లో చాలామందికి రాయి ఉంది. వీళ్ళకి జాబితా కూడా లేదు. వెతకడానికి నా దగ్గర ట్రిక్కులేమీ లేవు, వెతికే చోటే లేదు.

రికార్డులో తప్పుంటే దిద్దించొచ్చు. పెన్షన్ కాగితం లాంటి ఆధారంతో కమిషన్‌కి రాయాలి. మామ్మ వాళ్ళ ఊరి పేరు సరిచెయ్యమని మేం రాశాం, జవాబు కోసం చూస్తున్నాం.

రికార్డులో కాలమ్ నంబరు కూడా ఉంటుంది. మా వాడి కజిన్ సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక ఆదివారం క్రాంజి వెళ్ళి ఆ కాలమ్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. పెద్ద సైజులో ప్రింట్ తీసి మామ్మకి ఇచ్చాం. తాత పేరు ఏ లైనులో ఉందో వేలు పెట్టించి చూపించాం. ఆవిడ ఆ లైను తడిమి, దాని పైన, కింద ఉన్న లైన్లు కూడా తడిమింది.

“ఇయ్యన్నీ కూడా మనుషుల పేర్లేనా? ఈళ్ళదేవూరు?” అని మనవడిని అడిగింది. వాడు నా వైపు చూశాడు.

సరిగ్గా పైన ఉన్న పేరుకి తండ్రి పేరు లేదు, ఊరు లేదు. నంబరు, 1942 అనే సంవత్సరం మాత్రం ఉన్నాయి. పేరు చూస్తే తెలుగు పేరులాగే ఉంది. ఇప్పుడు దాని మీద పని చేస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా సర్వీస్ కోర్‌లో పనిచేసి రంగం పోయి రాలేదని విని ఉంటే, పాత పెట్టెలు ఒకసారి దింపండి. ముందు నంబరు చూడండి. ఉంటాను మరి.