తాటిముంజలు

నెల్లూరికి సుమారు 25 కిలోమీటర్ల దూరముననున్న మైపాడు వంటి తీరగ్రామములయందు, వేసవి రాగానే ఇసుకనేలల తాళవృక్షములనుండి గెలలు దింపి, కొడవలితో కాయ తలను అడ్డముగా చెక్కినంతనే, సాధారణముగా మూడు కన్నులును, వానిలో స్ఫటికమువలె మెరయు ముంజలును గోచరించును. లేతకాయ కంటిలో బొటనవ్రేలు గ్రుచ్చి, లోని తీయని నీరు ఒలికిపోకుండ జుఱ్ఱుకొనుటయందున్న రుచి, ఒలిచి పళ్లెమున పెట్టిన ముంజకు రాదని నా దృఢవిశ్వాసము. ముదిరినది గట్టిపడును; అది కడుపునకు బరువు. పసిపిల్లలకైనచో, పైనున్న వగరు పొరను ఒలిచి, చిన్నముక్కలుగా కోసి యిండు. ఖాళీయైన కాయలకు పుల్లలు గ్రుచ్చి పెద్దపిల్లలు బండ్లు కట్టుకొందురు. ఒలిచిన ముంజ ఎండవేడికి త్వరగా పులియును గనుక, ఈగలు వాలకుండ మూతపెట్టి, ఆ పూటనే తినివేయుడు.