గగనమునుండి పడు రాయి – చట్టము



1979 జూలైలో స్కైలాబు పడునన్న వార్తకు తెలుగు పల్లెలు తల్లడిల్లినవి. ఇక బ్రతుకు లేదని కోళ్లను, మేకలను కోసుకొని తిన్నవారును కలరు. తుదకు దాని శకలములు హిందూమహాసముద్రమునను, ఆస్ట్రేలియాలోను పడినవి. అది మానవనిర్మితము, 1972 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి, అట్టి వస్తువువలన భూమిపై కలిగిన నష్టమునకు ప్రయోగించిన రాజ్యమే పరిహార మీయవలెను. గ్రహశకలమునకో, యజమాని లేడు.

2024 వై.ఆర్.4 అను గ్రహశకలము 2032 డిసెంబరు 22న భూమిని తాకుటకు నూటికి 3 పాళ్లు అవకాశ మున్నదని 2025 ఫిబ్రవరిలో లెక్క తేలినది. అది పడుటకు వీలున్న ప్రదేశములలో భారతదేశమును చేరినది. కొలది దినములలోనే ఆ భయము తీరినది.

ఇట్టి రాతిని మళ్లింపవచ్చునని 2022 సెప్టెంబరు 26న అమెరికావారి డార్టు నౌక డైమోర్ఫసును ఢీకొని నిరూపించినది. చిక్కంతయు అచ్చటనే కలదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల చెరువుల నెరిగినవారికి ఇది క్రొత్త గాదు. కట్ట తెగనున్నప్పుడు ఒక ప్రక్క గండి కొట్టిన ఒక యూరు నిలుచును, మరియొక యూరి పొలము మునుగును. గండి కొట్టుటకు ఎవరి సెలవు కావలెను? మునిగిన రైతునకు ఎవరు బదులు చెప్పవలెను? రాతిని సగమే నెట్టిన, అది ఒక దేశమును తప్పి వేరొక దేశమున పడవచ్చును. నెట్టిన నౌక ఒడంబడికకు లోబడును. రాయి లోబడునా యన్నది తేలలేదు.

అణుబాంబుతో కొట్టుదమన్న, 1963 నాటి ఒప్పందము అంతరిక్షమున అణువిస్ఫోటనమును నిషేధించినది. చట్టము కొరకు ఊరు మునుగవలెనా యని అడుగుట న్యాయమే. సడలించిన నాడు ఆ బాంబు ఎవరి చేత నుండునని అడుగుటయు న్యాయమే. అంతరిక్ష సంస్థల సలహాసంఘ మొకటి ఈ ప్రశ్నలను పరిశీలించుచున్నది. అది సలహా చెప్పగలదు, ఆజ్ఞాపింపజాలదు.