మంగోలియా మల్లుడు

మంగోలియాలో మల్లయుద్ధము వట్టి వినోదము కాదు, జాతిగౌరవము. జూలై మాసమున జరుగు నాదమ్ ఉత్సవములో గెలిచిన మల్లులకు డేగ, ఏనుగు, సింహము అను బిరుదములు లభించును. ఏనుగులే లేని దేశమున ఏనుగు బిరుదమేమని మాకు వింతగా తోచినది.

వీనికన్న పైదగు మహామల్ల బిరుదము నందినవాడు మొంఖ్‌బత్. నాదమ్‌లో ఆరుసార్లు గెలిచెను. 1968 మెక్సికో ఒలింపిక్ క్రీడలలో రజత పతకము తెచ్చెను. అట్టివాని కుమారుడు 2000 సంవత్సరమున, పదునైదేండ్ల ప్రాయమున, సూమో నేర్వ జపాను పోగా, బక్కవాడని మల్లశాలలవారు చేర్చుకొనరైరి. తూకము 62 కిలోలు! ఇక తిరుగు ప్రయాణమే యనుకొను వేళ ఒక శాల దయదలచినది. ఆ బాలుడే హకుహో. 2007లో సూమోలో అత్యున్నతమగు యొకొజునా పదవి నందెను. 2021లో విరమించునాటికి 45 టోర్నమెంటులు గెలిచియుండెను; అంతకు మున్ను తైహో గెలిచిన 32 మాత్రమే పెద్ద లెక్క.

ఇట్టి మల్లులపై స్వదేశీయుల కెంత అభిమానమో 2007లోనే తేలినది. గాయమని సెలవు గైకొని మంగోలియాలో ఫుట్‌బాలాడినందుకు, హకుహోకు ముందటి మంగోలియా యొకొజునా అసషోర్యును జపాను సూమో సంఘము రెండు టోర్నమెంటులకు నిషేధించెను. ఉలాన్‌బాతరులో జనులు జపాను రాయబార కార్యాలయము నెదుట నిరసన తెలిపిరి.

అయినను సంఘ నియమము కఠినమైనది. విరమించిన పిదప గురువై సంఘమున నుండవలెనన్న జపాను పౌరసత్వము తప్పదు. 2018లో తండ్రి గతించెను. 2019లో హకుహో మంగోలియా పౌరసత్వమును వదలి జపాను పౌరుడాయెను. గురుత్వమునకు దేశము మార్చుమనుట మాకు రుచింపలేదు. ఇంతచేసి పొందిన ఆ స్థానమును, సంఘమును సైతము, 2025లో ఆయన విడిచిపెట్టెను.