మళ్లీ వచ్చిందా?



రాజవొమ్మంగిలో మైకు పట్టుకున్నవారు 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు ఇక్కడి పోలీస్ స్టేషన్ మీద చేసిన దాడితో మొదలుపెడతారు. ఆ కథ పట్టాలు అందుకుంటున్న మీకు నాకంటే బాగా తెలుసు. నేను పేగుజబ్బుల గురించి చెబుతాను. స్నాతకోత్సవంలో విరేచనాల మాటేమిటని పెద్దలు నొచ్చుకోకూడదు.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఇంట్లో స్ప్రూ అనే పేగుజబ్బు తోడబుట్టినవాణ్ణి బలిగొంది. ఆయన్నూ పీడించింది. తర్వాత అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన పరిశోధన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను తయారుచేసింది. అక్కడే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది, నోటితో మింగే మందు. 1948లో దాన్ని ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. ఆ తర్వాత స్ప్రూకి వైద్యులు ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ కలిపి నెలల తరబడి ఇచ్చారు. త్వరగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు.

తిరగబెట్టడమే అసలు చిక్కు. విరేచనాలు పుట్టించే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే మొండి బ్యాక్టీరియా ఉంది. యాంటీబయోటిక్స్ వాడి పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చాక ఇది విజృంభిస్తుంది. దానికి పాత మందు వాంకోమైసిన్ రోజుకు నాలుగుసార్లు, కొత్త మందు ఫిడాక్సోమైసిన్ రెండుసార్లు. అమెరికా, కెనడాల్లో 629 మందిపై ఈ రెంటినీ పోల్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టరుకీ తెలియకూడదు కదా, అందుకని కొత్త మందు వారికి మధ్యలో రెండుసార్లు ఉత్తుత్తి మాత్రలు వేశారు! 2011లో ఫలితాలు వచ్చాయి. పదిరోజుల వైద్యంతో నయమైనవారు కొత్త మందుతో సుమారు 88 శాతం, పాతదానితో 86. అక్కడితో లెక్క ముగిస్తే రెండూ ఒకటే. నాలుగు వారాలు ఆగి చూస్తే, నయమైనవారిలో జబ్బు తిరగబెట్టింది కొత్తదానితో 15 శాతం మందికి, పాతదానితో 25 శాతం మందికి.

నా దృష్టిలో ఆ నాలుగు వారాలే పరీక్ష. పట్నంలో అయితే ఫోన్ చేసి అడుగుతారు. సిగ్నల్ అందని ఊళ్లకు, వానాకాలం వాగు పొంగితే, ఎవరు వెళ్తారు? మీలో ఎవరో ఒకరు ఏఎన్‌ఎంగానో ల్యాబ్ టెక్నీషియన్‌గానో ఇక్కడే పనిచేస్తారు. ఏ దారిన పోతే ఏ ఇల్లు వస్తుందో మీకు తెలుసు. రోగి వారపు సంతలో కనిపించినా ఆపి అడగగలరు. రిజిస్టరులో ‘తగ్గింది’ అని రాశాక, పక్కన స్కేలుతో ఇంకో గడి గీయండి. నెల తర్వాత అడిగి నింపండి.