చాద్ దేశం చమురు గొట్టం

 

ఈ పూట మీకు ఒక గొట్టం కథ చెప్తాను. కథ అంటున్నాను గాని, ఇది జరిగిన సంగతే.

ఆఫ్రికాలో చాద్ అని ఒక దేశం ఉంది. పటంలో చూస్తే ఆఫ్రికాకు నడుమ ఉంటుంది. దానికి సముద్రం లేదు. ఎటు చూసినా వేరే దేశాలే. ఉత్తరాన ఎడారి. దక్షిణాన వానలు పడతాయి, పంటలు పండుతాయి. ఏ పంటలో తెలుసా? జొన్న, సజ్జ, వేరుశనగ, పత్తి. ఊళ్లలో మామిడి చెట్లు. మన పల్లెలాగే ఉంది కదా?

ఆ దక్షిణాన డోబా అనే ఊరి దగ్గర 1970లలో ముడి చమురు పడింది. ముడి చమురు అంటే భూమి లోపల ఉండే నల్లటి నూనె. దాన్ని శుద్ధి చేస్తే పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు వస్తాయి. చమురు దొరికింది గాని చాలా ఏళ్లు బయటికి తీయలేకపోయారు. దేశంలో వాళ్లలో వాళ్లకే యుద్ధం. తీసినా అమ్మాలంటే ఓడ ఎక్కించాలి. ఓడ రావాలంటే సముద్రం ఉండాలి. లేదని చెప్పాను కదా.

పక్క దేశం కామెరూన్. దానికి సముద్రం ఉంది. అందుకని డోబా నుంచి కామెరూన్ తీరంలోని క్రిబి దాకా భూమిలో గొట్టం వేయాలనుకున్నారు. పొడవు 1,070 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడకు రెండుసార్లు పోయి వచ్చినంత దూరం అనుకోండి. అందులో ఎక్కువ భాగం కామెరూన్ నేలలోనే ఉంది. దారి ఇచ్చినందుకు కామెరూన్‌కు పీపాకు 41 సెంట్ల బాడుగ అని మొదట ఒప్పుకున్నారు. పీపా అంటే 159 లీటర్లు. డాలర్‌లో సగం కూడా కాదు ఆ బాడుగ! తరవాత పెంచారులెండి.

ఇంత పనికి మూడు వందల కోట్ల డాలర్లకు పైగా కావాలి. ఎక్సాన్ మొబిల్, షెవ్రాన్ అనే అమెరికా కంపెనీలు, మలేసియా దేశపు పెట్రోనాస్ కలిసి పెట్టుబడి పెట్టాయి. అయినా వాళ్లకు భయమే. రేపు ఈ ప్రభుత్వాలు మాట తప్పితే? అందుకే ప్రపంచ బ్యాంకును తోడు తెచ్చుకున్నారు. బ్యాంకు ఇచ్చిన అప్పు మొత్తంలో కొంచెమే. కాని దాని పేరుకు బలం ఉంది.

బ్యాంకు ఒక షరతు పెట్టింది. చమురు డబ్బు పేదలకే పోవాలి, ఆ మాట చట్టంగా రాయాలి అంది. చాద్ ప్రభుత్వం 1999 జనవరిలో ఆ చట్టం తెచ్చింది. ఇప్పుడు పలకలు తీయండి. లెక్క వేద్దాం.

గొట్టం మీద ప్రభుత్వానికి నేరుగా వచ్చే డబ్బు 100 రూపాయలు అనుకోండి. అందులో 10 రూపాయలు పక్కన దాచాలి. చమురు అయిపోయాక పుట్టబోయే పిల్లల కోసం అది. 72 రూపాయలు బడులకు, ఆస్పత్రులకు, రోడ్లకు, తాగునీటికి, వ్యవసాయానికి. 4 రూపాయల 50 పైసలు డోబా ప్రాంతానికి. మిగిలిన 13 రూపాయల 50 పైసలు ప్రభుత్వం మామూలు ఖర్చులకు. కూడి చూడండి. 100 వచ్చిందా?

డబ్బు నేరుగా ఖజానాకు పోకూడదు. లండన్‌లో ఒక ఖాతాలో పడాలి. ఖర్చును చూడడానికి తొమ్మిది మంది సంఘం. అందులో మామూలు జనం తరఫు వాళ్లు కూడా ఉన్నారు. ఇంత పకడ్బందీగా రాశారు. ప్రపంచమంతా మెచ్చుకుంది.

2000 చివరలో పని మొదలైంది. వేల మందికి కూలి దొరికింది. ఊళ్లలోకి లారీలు, దుమ్ము, కొత్త మనుషులు, సారా. జొన్నల ధర పెరిగింది. గొట్టం వేయడం అయిపోగానే కూలీ అయిపోయింది, ధరలు మాత్రం ఉండిపోయాయి.

పొలాలు పోయినవాళ్లకు పరిహారం ఇచ్చారు. ఆ దేశంలో భూమి ప్రభుత్వానిదే అంటారు. అందుకని పంటకు, చెట్టుకు డబ్బు కట్టారు. మామిడి చెట్టుకు మొదట చెప్పింది చాలా తక్కువ. ఏళ్ల తరబడి కాసే చెట్టుకు అంతేనా అని జనం, సంఘాలు గొడవ చేస్తే పెంచారు. ఆ డబ్బు ఎక్కువగా ఇంటి యజమాని అని మగవాళ్ల చేతిలోనే పెట్టారు. విత్తింది, కలుపు తీసింది, కాయలు ఏరి సంతకు మోసింది ఆడవాళ్లు. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

2003లో చమురు పారింది. రెండేళ్లు దాటేసరికి, 2005 డిసెంబరులో, చట్టం మార్చేశారు. పిల్లల కోసం దాచే 10 రూపాయలు రద్దు. సైన్యం ఖర్చును కూడా బడి, ఆస్పత్రి పక్కన కలిపారు. అసలు 2000లోనే, కంపెనీలు ముందుగా ఇచ్చిన డబ్బులో నలభై లక్షల డాలర్ల దాకా తుపాకులకు పోయింది. అప్పుడే గ్రహించాల్సింది.

ప్రభుత్వం మాట కూడా వినాలి కదా. సరిహద్దులో తిరుగుబాటుదార్లు ఉన్నారు, ఇప్పుడే తిండి లేదు, రేపటికి ఏం దాస్తాం అన్నారు. తిరుగుబాటు అబద్ధం కాదు. 2006 ఏప్రిల్‌లో వాళ్లు రాజధాని ఎన్‌జమేనా దాకా వచ్చారు. కాని ఆ పేరు చెప్పి బడి డబ్బుకు తలుపు తెరవడం ఏం న్యాయం?

బ్యాంకు కోపం చేసి 2006 జనవరిలో అప్పులు ఆపింది, లండన్ ఖాతా స్తంభింపజేసింది. అధ్యక్షుడు ఇద్రిస్ దేబీ చమురే ఆపేస్తానన్నాడు. ఏదో రాజీ కుదిరింది. ఈలోగా చమురు ధర ఆకాశానికి పోయింది. చాద్ చేతిలో డబ్బు ఆడింది. 2008 సెప్టెంబరులో అప్పు తీర్చేసింది, బ్యాంకు బయటికి పోయింది. బాకీ తీరిపోయినవాడు షావుకారు మాట వింటాడా? కాపలా అంతా అప్పు మీదే నిలబెట్టారు. ఊళ్లలో జనం చేతిలో ఏమీ పెట్టలేదు.

రోడ్లు వచ్చాయి, బడి గదులూ వచ్చాయి. కాని కాన్పులో తల్లులు ఎక్కువగా చనిపోయే దేశాల్లో చాద్ ఇప్పటికీ ఉంది. గొట్టం మీద తగువులూ పోలేదు. 2023లో చాద్ ఆ బావులను ప్రభుత్వపరం చేసుకుంది. గొట్టంలో వాటా గురించి కామెరూన్‌తో పేచీపడి, తన రాయబారిని వెనక్కి పిలిపించింది.

మన సంగతి కూడా చెప్పాలి. 2014 జూన్ 27న కోనసీమలో నగరం దగ్గర గ్యాస్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గొట్టాలు మన పొలాల్లోనూ పోతున్నాయి. దానికి 1962 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం భూమి మీదే. వాడుకునే హక్కు మాత్రమే వాళ్లు తీసుకుంటారు. పైన పంట వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. భూమి విలువలో పదో వంతు ఇవ్వాలి. పంట పాడైతే ఆ నష్టం వేరే. గెజిట్‌లో ప్రకటన వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. 21 అంకె పలక మీద రాసుకోండి. పట్టా పుస్తకంలో ఎవరి పేరు ఉందో ఇంటికి పోయి చదవండి. వచ్చే బుధవారం ఆ పుస్తకాలు తీసుకురండి. అభ్యంతరం కాగితం ఎలా రాయాలో కలిసి రాద్దాం.