ల్యాంప్ మనది, సర్వర్ వాళ్లది!

ఈ స్మార్ట్ ల్యాంప్ చూశారా? బోర్డు, ఎల్ఈడీలు అన్నీ బాగానే ఉన్నాయి. కానీ కంపెనీ సర్వర్ ఆపేసింది, యాప్ చచ్చిపోయింది. పారేయాలా? అక్కర్లేదు.

లోపల ఈఎస్పీ8266 చిప్ ఉంది. దీంట్లోకి టాస్మోటా అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కించొచ్చు. అన్ని ల్యాంపుల్లో ఈ చిప్ ఉండదు, మీదాంట్లో ఏముందో ముందు చూసుకోండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం సీరియస్‌గా వినండి. ప్లగ్ పీకి, కాసేపు ఆగాకే విప్పండి. కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి వైర్లు కలిపి ఉండగా 230 వోల్టుల ప్లగ్ అస్సలు పెట్టొద్దు. ల్యాప్‌టాప్ కాలిపోవచ్చు, మీ ప్రాణానికే ప్రమాదం.

యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్‌ని 3.3 వోల్టుల్లో పెట్టండి, 5 కాదు. టీఎక్స్‌ని ఆర్‌ఎక్స్‌కి, ఆర్‌ఎక్స్‌ని టీఎక్స్‌కి, గ్రౌండ్‌ని గ్రౌండ్‌కి కలపండి. జీపీఐఓ 0ని గ్రౌండ్‌కి తాకించి పవర్ ఇస్తే చిప్ ఫ్లాష్ మోడ్‌లోకి వస్తుంది. ముందు పాత ఫర్మ్‌వేర్ బ్యాకప్ తీసుకోండి, ఆ తర్వాతే కొత్తది.

వైర్లు తీసేసి, మూత బిగించి, అప్పుడు ప్లగ్ పెట్టండి. ఫోన్‌లో టాస్మోటా పేరుతో వైఫై కనిపిస్తుంది. దానికి కనెక్ట్ అయి మీ ఇంటి వైఫై వివరాలు ఇవ్వండి, ఏ పిన్ ఏ రంగుదో సెట్ చేయండి. ఇక ఇంటర్నెట్ పోయినా, రౌటర్ ఆన్‌లో ఉంటే చాలు, ల్యాంప్ మీ మాటే వింటుంది.

మీ ల్యాంప్‌లో ఏ చిప్ దొరికిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!