చుట్టుదారిన వెళ్ళిన ముసలాయన
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డీఏ బకాయిల గురించి మాట్లాడతానని వచ్చినవారు నన్ను క్షమించాలి. కార్యదర్శిగారు "మీ ఇష్టమైన విషయం" అన్నారు కనుక ఒక ఇంగ్లీషు సినిమా గురించి చెబుతాను. మా మనవడు "తాతా, నీ వయసు ముసలాయన ఫైటింగ్ సినిమా" అంటూ కూర్చోబెట్టి చూపించాడు. చూసి వారం రోజులు దానితోనే గడిపాను.

సినిమా పేరు "హేరీ బ్రౌన్". 2009లో వచ్చింది. దర్శకుడు డేనియల్ బార్బర్‌కు పూర్తి నిడివి చిత్రం ఇదే మొదటిది. హాలీవుడ్ వాళ్ళ ఫైటింగ్ సినిమాల పక్కన పెడితే దీని ఖర్చు బహు స్వల్పం. హేరీగా వేసిన మైకేల్ కెయిన్‌కు అప్పటికి 76 ఏళ్ళు. దక్షిణ లండన్‌లో ఎలిఫెంట్ అండ్ కాజిల్ అనే పేట ఉంది. ఆయన పెరిగింది ఆ ప్రాంతంలోనే. షూటింగు కూడా అక్కడి హేగేట్ ఎస్టేట్ అనే పాత ఫ్లాట్లలో జరిగింది. తర్వాత 2011, 2014 మధ్య ఆ ఫ్లాట్లను పడగొట్టేశారు.

కథ చిన్నది. హేరీ ఒకప్పుడు నౌకాదళ సైనికుడు. భార్య ఆసుపత్రిలో ఉంది. పబ్బులో లెనార్డ్ అనే స్నేహితుడితో చదరంగం ఆడటం తప్ప ఆయనకు వేరే వ్యాపకం లేదు. ఇంటి దగ్గర రోడ్డు కింద నడిచిపోయే సొరంగ బాట ఒకటి ఉంది. మత్తుమందులమ్మే కుర్రాళ్ళు దాన్ని ఆక్రమించుకున్నారు. ఒక రాత్రి ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుంది. బయట వర్షం. సొరంగం గుండా పోతే దగ్గర. ముసలాయన ఆగి అటు చూసి, కుర్రాళ్ళకు భయపడి చుట్టుదారి పడతాడు. ఆయన చేరేసరికి భార్య పోయింది.

అయ్యా, సినిమాకు ప్రాణం ఇక్కడే ఉంది. ఇందులో తుపాకి లేదు, రక్తం లేదు. పెద్ద ఖర్చు కూడా లేదు. ఒక మనిషి, ఒక వాన, ఒక సొరంగం, అంతే. మా వీధి మలుపులో కొందరు కుర్రాళ్ళు బళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చునే రోజుల్లో నేను పాల ప్యాకెట్టు కోసం రెండు వీధులు చుట్టి వెళ్ళేవాణ్ణి. నడక మంచిదని డాక్టరు చెప్పాడని ఇంట్లో అబద్ధం ఆడాను. ఈ సంగతి బయట చెప్పటం ఇవాళే మొదలు.

తర్వాత లెనార్డ్‌ను ఆ సొరంగంలోనే చంపేస్తారు. ఆత్మరక్షణకని ఆయన పాత బాకు ఒకటి పట్టుకెళ్ళాడు. దానివల్ల ముద్దాయిల మీద హత్యానేరం నిలవకపోవచ్చని పోలీసు అధికారిణి హేరీకి చెబుతుంది. ఆమెగా ఎమిలీ మోర్టిమర్ నిండుగా చేసింది. న్యాయం రూల్సు ప్రకారం ఎలా జారిపోతుందో నలభై ఏళ్ళు ఫైళ్ళు మోసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక హేరీ తుపాకి పడతాడు. తుపాకుల బేరానికి ఒక మత్తుమందుల కొంపకు వెళ్ళే ఘట్టం చూస్తుంటే గొంతు ఆరిపోతుంది. ఎదుటివాడి తుపాకి సరిగా పేలకపోతే, ఆయుధాన్ని శుభ్రంగా ఉంచుకోలేదని హేరీ వాణ్ణి మందలిస్తాడు. రికార్డు రూం సరిగా ఉంచలేదని మా పాత సూపరింటెండెంటుగారు తిట్టినట్టే అనిపించింది నాకు. మరొక చోట ఒకణ్ణి తరుముతూ, ఊపిరితిత్తుల జబ్బుతో రొప్పి కాలవ గట్టున కూలిపోతాడు. 1996లో "భారతీయుడు" చూశాం. అందులో ముసలాయనకు ఆయాసమే రాదు. పైగా ఆయన పొడిచింది మనబోటి ఉద్యోగులనే! హేరీకి వయసుంది, జబ్బుంది. కెయిన్ ఆ ఒంటి బరువును ఎక్కడా దాచలేదు.

లోపాల మాటకొస్తే మొదటిది ఆ కుర్రాళ్ళు. మార్కీ అనే ఒక్కడు మాత్రం తానూ ఇంకొకడి చేతిలో నలిగినవాడేనని క్షణంపాటు చూపించారు. మిగతావాళ్ళకు ఇల్లు లేదు, తల్లి లేదు, కారణం లేదు. చంపటానికి వీలుగా నిలబెట్టిన బొమ్మలు. షూటింగులో ఆ పేట కుర్రాళ్ళతో మాట్లాడాక వాళ్ళపై తన అభిప్రాయం మారిందని కెయిన్ స్వయంగా చెప్పాడు. నటుడికి తెలిసిన ఆ సంగతి సినిమాకు ఎందుకు అందలేదో! ముఠా నాయకుడిగా వేసిన బెన్ డ్రూ 2012లో "ఇల్ మేనర్స్" అని తానే ఒక సినిమా తీశాడు. అది అటువంటి కుర్రాళ్ళ వైపునుంచి చెప్పిన కథ.

రెండో లోపం చివరి భాగం. పబ్బు యజమానికీ ముఠాకూ చుట్టరికం బయటపడటం, అందరూ అదే గదిలో చేరటం కుదరక కుదిర్చినట్టుంది. ఆ తర్వాత పై అధికారి పత్రికలవారి ముందు, ఎవరూ చట్టాన్ని చేతుల్లోకి తీసుకోలేదని ప్రకటన చేసి ఫైలు మూసేస్తాడు. అది మాత్రం అచ్చంగా ఆఫీసు పద్ధతే.

ఆఖరున హేరీ సొరంగం వైపు నడుస్తాడు. అక్కడ ఎవరూ లేరు. మనవడు చప్పట్లు కొట్టాడు, నేనూ కొట్టాను. రాత్రి పడుకున్నాక ఒక లెక్క తేలలేదు. ఆ బాట ఖాళీ కావటానికి ఎంతమంది పోయారో వేళ్ళు మడిచి చూశాను, ఒక చెయ్యి చాలలేదు. ఆ చుట్టుదారి రాత్రి అలాగే మిగిలిపోయింది. భార్య చెయ్యి పట్టుకోవలసిన వేళకు ఆయన అందుకోలేకపోయాడు. అది ఏ తుపాకితో సర్దుబాటవుతుంది?

దొరికితే చూడండి. లెనార్డ్ పోయేవరకు మాత్రం కదలకండి. ఆ తర్వాత కాఫీకి లేచినా నేనేమీ అనుకోను. సెలవు.